వంద చెప్పించకండి, మూడు ఇప్పించండి

ఇంటికి చుట్టాలు రాగానే మూడేళ్ళ పిల్లను సోఫా ముందు నిలబెట్టి, "వన్ టూ త్రీలు చెప్పమ్మా, అత్తయ్య వింటుందట" అనడం మనకు అలవాటు. పిల్ల ఊపిరి బిగబట్టి ఇరవై దాకా, హుషారు పుడితే యాభై దాకా అప్పజెప్పేస్తుంది. మధ్యలో పద్నాలుగో పదహారో ఎగిరిపోయినా ఎవరూ పట్టించుకోరు. చప్పట్లు, ముద్దులు. అందులో తప్పేమీ లేదు, ఆ వయసు పిల్లల నోట ఏం విన్నా ముద్దే. కాకపోతే ఆ వెంటనే చాక్లెట్ల డబ్బా మూత తీసి, "నాకు మూడు ఇవ్వవూ?" అని అడిగి చూడండి. చాలామంది పిల్లలు గుప్పెడు తీసి చేతిలో పోస్తారు. కొందరు ఒక్కటే ఇచ్చి డబ్బా లాక్కుంటారు. యాభై దాకా గడగడా చెప్పిన పిల్లకు మూడు ఇవ్వడం రాకపోవడమేమిటని పెద్దవాళ్ళు తెల్లబోతారు.

తెల్లబోవాల్సిన పని లేదు. అంకెల వరుస చెప్పడం పాట పాడటం లాంటిది. పాటంతా నోటికి వచ్చినంత మాత్రాన అందులో ప్రతి మాటకూ అర్థం తెలిసిందని కాదు కదా. వరుస రావడం అవసరమే. కానీ లెక్కలో అది ఒక ముక్క మాత్రమే, మిగతాదంతా చేతులతో రావాలి. నేనిక్కడ మాట్లాడేది రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల గురించి, పది లోపు అంకెల గురించి. అందులోనూ ఎక్కువ భాగం ఒకటి నుంచి ఐదు వరకే. పది దాటించాలన్న తొందర మీకుంటే కాసేపు దాన్ని పక్కన పెట్టండి.

పిల్లలు ఎలా లెక్కపెడతారో గమనించి అమెరికాలో రోషెల్ గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో ఒక పుస్తకం రాశారు. లెక్కపెట్టడం అని మనం ఒక్క మాటలో తేల్చేసే పనిలో ఐదు సంగతులున్నాయని వాళ్ళు విడదీసి చూపారు. ఒక్కో వస్తువుకు ఒక్కటే అంకె. అంకెల వరుస ప్రతిసారీ ఒకేలా ఉండాలి. చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుంది. దేన్నయినా లెక్కపెట్టవచ్చు, బెండకాయల్నీ, చప్పట్లనీ, నిన్న వచ్చిన చుట్టాల్నీ. ఏ చివర నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. ఇవి కూడా ఒకరు చెప్పాలా అనిపిస్తుంది మనకు. పిల్లకు మాత్రం ఇవన్నీ ఒక్కొక్కటిగా తెలిసి రావాల్సినవే.

మన పల్లెల్లో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. అలా కొలిచినందుకు ఏ రైతు లెక్కా తప్పలేదు. వరుస నిలకడగా ఉంటే చాలు. మీ పిల్ల "ఒకటి, రెండు, నాలుగు, ఏడు" అని ప్రతిసారీ అదే వంకర వరుసలో, వస్తువుకొక మాట చొప్పున లెక్కపెడుతుంటే అసలు పని చాలావరకు అయిపోయినట్టే. కంగారుపడి మాటమాటకీ ఆపి దిద్దకండి. మీరు పక్కన మామూలుగా లెక్కపెడుతూ ఉంటే, ఎగిరిపోయిన మూడు దానంతటదే వచ్చి చేరుతుంది.

1990లో కరెన్ విన్ అనే పరిశోధకురాలు పిల్లల ముందు బొమ్మలు పెట్టి ఒకటి ఇవ్వమని, రెండు ఇవ్వమని, మూడు ఇవ్వమని అడిగి చూశారు. పిల్లలకు ముందు ఒకటి తెలుస్తుంది. అడిగితే సరిగ్గా ఒక్కటే ఇస్తారు, రెండన్నా ఐదన్నా గుప్పెడే. కొన్ని నెలలు పోయాక రెండు తెలుస్తుంది. మరికొన్ని నెలలకు మూడు. ఆ తర్వాత, మూడున్నర నాలుగేళ్ళ ప్రాంతంలో, లెక్కపెట్టి ఇస్తే ఎన్నయినా ఇవ్వవచ్చన్న గుట్టు తెలిసిపోతుంది. అక్కడి నుంచి ఐదు, ఆరు, ఎనిమిది ఒక్క ఊపులో వచ్చేస్తాయి. రెండుకూ మూడుకూ మధ్య నెలలు పడతాయి, అది మందబుద్ధి కాదు, ఎదుగుదల తీరే అంత. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఇళ్ళలో సగం విసుగు తగ్గుతుంది. పక్కింటి పిల్లాడికి మూడు వచ్చి మన వాడికి ఇంకా రెండే వస్తే, ఆ తేడా కొన్ని నెలల్లో కలిసిపోయేదే.

కాబట్టి అంకెలు చెప్పమనడం తగ్గించి, వస్తువులు ఇమ్మనడం పెంచండి.

దీనికి వంటింటిని మించిన చోటు లేదు. కూరగాయల బుట్ట నేల మీద పెట్టి, మీరు పొయ్యి దగ్గర నిలబడి, "అమ్మలూ, రెండు ఉల్లిపాయలు తెచ్చిపెట్టు" అనండి. ఏం చేస్తుందో చూడండి. ఒక చేత్తో ఒకటి తీసుకుంటుంది, ఇంకో చేత్తో ఇంకొకటి. చేతులు నిండాయి కాబట్టి రెండు. లెక్కపెట్టాల్సిన పనే పడలేదు. తంటా అంతా మూడు దగ్గరే. రెండు చేతుల్లో రెండు పట్టుకుని, మూడోది ఎలా తేవాలో తోచక, ఒకటి గౌను ఒడిలో వేసుకుంటుంది. అది జారి బల్ల కిందికి దొర్లుతుంది. దాని వెనక పడి, మిగతావాటిని అక్కడే వదిలేసి, చివరికి మీ దగ్గరికి వచ్చేసరికి చేతిలో రెండే ఉంటాయి. అప్పుడు తప్పు అనకండి. వాటిని గట్టు మీద పక్కపక్కన పెట్టి, ఒక్కోదాన్నీ తాకుతూ, "ఒకటి, రెండు. రెండున్నాయి. మనకు మూడు కావాలిగా, ఇంకొకటి తెస్తావా?" అనండి. పిల్ల వెళ్ళి ఆ ఒక్కటీ తెస్తుంది. రెండుకు ఇంకొకటి చేరితే మూడని మీరు పాఠం చెప్పలేదు, తనే నడిచి వెళ్ళి చేసుకొచ్చింది. మూడేళ్ళ వయసులో కూడిక అంటే ఇంతకన్నా అక్కర్లేదు.

బుట్ట దగ్గరున్నప్పుడు సరిగ్గా తెస్తుంటే, కొన్నాళ్ళకు దాన్ని పక్కగదిలోకి మార్చండి. మూడుని అక్కడిదాకా మనసులో మోసుకెళ్ళాలి, దారిలో టీవీ మోగుతున్నా మరిచిపోకూడదు. మనకే ఒక్కోసారి ఫ్రిజ్ తలుపు తీశాక ఎందుకు తీశామో గుర్తురాదు, పిల్లకు అదెంత పనో ఊహించుకోవచ్చు. మరిచిపోయి వెనక్కి వచ్చి "ఎన్నమ్మా?" అని అడిగిందంటే సంతోషించండి. ఎన్ని అన్నది ముఖ్యమని తెలిసింది కాబట్టే అడిగింది.

అంకెలే ఇంకా పట్టుబడని రెండేళ్ళ వాళ్ళకు అంకెలు లేని లెక్క ఒకటుంది. భోజనాల వేళ "మనిషికో గ్లాసు పెట్టు నాన్నా" అనండి. తాతయ్యకొకటి, నాన్నమ్మకొకటి, అక్కకొకటి. చివరికి ఒక గ్లాసు మిగిలిందంటే ఎవరికో పెట్టలేదు, లేదా ఎక్కువ తెచ్చాం. ఆ వెతుకులాట పిల్లనే చేయనివ్వండి. ఇడ్లీ రేకు గుంటల్లో గుంటకో నిమ్మకాయ పెట్టించవచ్చు, బొమ్మలకు తలా ఒక బిస్కెట్టు పంచించవచ్చు, గుమ్మం దగ్గర చెప్పులు జతలు కలిపించవచ్చు. నోట అంకె పలక్కపోయినా ఇదంతా లెక్కే.

మూడేళ్ళు దాటిన పిల్ల వరుసగా పెట్టిన వస్తువులను లెక్కపెడుతుంటే పక్కన కూర్చుని వేలినీ నోటినీ కలిపి గమనించండి. ఒక్కోసారి నాలుక ముందు పరుగెడుతుంది, నాలుగు జామకాయలకు ఆరు దాకా చెప్పేస్తుంది. ఒక్కోసారి వేలు ముందు పోయి, మధ్యలో రెండింటిని దాటేస్తుంది. ఇంకో తమాషా కూడా చూస్తారు. "ఒ, క, టి" అంటూ ఒక్క మాటకే మూడు జామకాయలు తాకేస్తారు కొందరు. ఒకటి, నాలుగు, తొమ్మిది మూడేసి అక్షరాల మాటలు, ఎనిమిదికి నాలుగు. అక్షరానికో తాకు చొప్పున వేలు నడిస్తే లెక్క ఎక్కడికో పోతుంది. పెద్దవాళ్ళు దీన్ని అశ్రద్ధ అనుకుని కసురుతారు. పాపం, పిల్ల చాలా శ్రద్ధగానే తాకింది.

దిద్దడానికి మాటలు వద్దు. తాకడం మానిపించి, జరపడం అలవాటు చేయండి. చేటలో పెట్టిన నిమ్మకాయలను ఒక్కొక్కటే తీసి స్టీలు గిన్నెలో వేస్తూ అంకె పలకాలి, కాయ పడిన చప్పుడుతోపాటే అంకె రావాలి. గిన్నెలో పడ్డది మళ్ళీ చేటలో ఉండదు కాబట్టి ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టే వీలు లేదు. చేట ఖాళీ అయ్యేదాకా పని పూర్తి కాలేదు కాబట్టి దేన్నీ వదిలేసే వీలూ లేదు. ఆరేసిన తువ్వాలుకు క్లిప్పులు పెట్టించడం ఇంకా మంచి పని. ఒక్కో క్లిప్పునూ నొక్కి తగిలించడానికి ఆ చిన్న వేళ్ళకు కాసేపు పడుతుంది, ఈలోగా నాలుక తనే ఆగుతుంది. పైగా బట్టలు నిజంగానే ఎగిరిపోకుండా ఉంటాయి. పిల్లలకు ఉత్తుత్తి పనికీ అసలు పనికీ తేడా బాగా తెలుసు.

లెక్కపెట్టడం అయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడిగితే చాలామంది మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడతారు. ఇంకోసారి అడిగితే ఇంకోసారి. ఎన్ని అంటే లెక్కపెట్టమని అర్థం చేసుకున్నారన్నమాట, చివరి అంకె మొత్తానికి పేరని ఇంకా తట్టలేదు. ఇక్కడ మీరు చేయాల్సింది చిన్న పనే. "ఒకటి, రెండు, మూడు" అని అక్కడే వదిలేయకుండా, అరచేతిని వాటన్నిటి చుట్టూ తిప్పి, "మూడు జామకాయలు" అని ముగించండి. అప్పుడప్పుడు తిరగేసి, ముందే "ఇవి మూడు జామకాయలు" అని చెప్పి, తర్వాత లెక్కపెట్టి చూపండి. ఇంట్లో అందరూ ఇలా మాట్లాడటం అలవాటు చేసుకుంటే ప్రత్యేకంగా కూర్చోబెట్టి నేర్పేదేమీ ఉండదు.

మూడు, మహా అయితే నాలుగు వస్తువుల దాకా మన కన్ను లెక్కపెట్టకుండానే ఎన్నో పట్టేస్తుంది. దీన్ని పిల్లల్లో పదును పెట్టడానికి మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న సామాను గవ్వలు. నాలుగు గవ్వలు వేసి ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూడటం అష్టాచమ్మాలో మొదటి పని. గవ్వలు లేకపోతే పెద్దగా ఉన్న చింతగింజలను గరుకు బండ మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసి వాడేవారు, ఇప్పుడూ వాడవచ్చు. ఆ అరగదీసే పనిలోనే పిల్లలకు ఒక సాయంత్రం గడిచిపోతుంది. నాలుగేళ్ళ వాడికి ఆట మొత్తం నేర్పాలని లేదు. వేయడం, చూడగానే "రెండు!" అని అరవడం, అంతవరకు చాలు.

వేళ్ళ సంగతి. మన పెద్దవాళ్ళు బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కణుపులు తాకుతూ ఒక చేతి మీదే పన్నెండు దాకా లెక్కపెట్టేవారు. జపం చేసుకునేవాళ్ళు ఇప్పటికీ అలాగే లెక్కపెడతారు. చూడముచ్చటగా ఉంటుంది కానీ, చిన్నపిల్లలకు అప్పుడే వద్దు. వాళ్ళకు వేలంటే ఒకటి, చెయ్యంటే ఐదు. "మూడు వేళ్ళు చూపించు" అంటే ఎప్పుడూ ఒకే మూడు వేళ్ళు చూపిస్తుంటే, "ఇంకోలా చూపిస్తావా?" అనండి. బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు నిలబెట్టడానికి నానా తంటాలు పడి, ఇంకో చేత్తో మిగతా వేళ్ళను నొక్కిపట్టి మరీ చూపిస్తారు. ఏ మూడైనా మూడే అని ఆ తంటాలోనే తెలుస్తుంది. వేళ్ళ మీద లెక్కపెట్టవద్దని కొన్ని బడుల్లో పిల్లల చేతులు కిందికి దించుతారు. ఐదేళ్ళ లోపు పిల్లలకు ఆ నియమం పెట్టడం శుద్ధ దండగ. అవసరం తీరాక వేళ్ళు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

ఆటల విషయంలో ఒక పరిశోధన చెప్పుకోదగ్గది. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే ఇద్దరు అమెరికాలో పేద కుటుంబాల పిల్లలతో చేసి 2008లో ప్రకటించారు. ఒకటి నుంచి పది దాకా అంకెలున్న గడుల వరుస మీద కాయ జరిపే ఆటను పిల్లలతో పావుగంట చొప్పున నాలుగుసార్లు ఆడించారు. అంతమాత్రానికే వాళ్ళకు అంకెల మీద పట్టు బాగా పెరిగింది. అంకెలకు బదులు రంగులున్న గడులతో ఆడినవాళ్ళకు ఆ లాభం కనబడలేదు. దీనికి కొనాల్సిందేమీ లేదు. వరండాలోనో మేడ మీదో సుద్దముక్కతో పది గడులు ఒకే వరుసలో గీసి, ఒకటి నుంచి పది దాకా రాయండి. పిల్లే కాయ. గవ్వలు వేస్తే ఎన్ని పడితే అన్ని గడులు గెంతాలి, గెంతిన గడిలో అంకె పైకి చెప్పాలి.

ఇందులో ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. మూడో గడిలో నిలబడ్డ పిల్లకు రెండు పడితే, తను నిలబడ్డ గడినే ఒకటి అని లెక్కపెట్టి నాలుగులో ఆగిపోతుంది. మెట్లు ఎక్కేటప్పుడూ అంతే, నిలబడ్డ నేలను ఒకటి అంటారు. "గెంతినప్పుడే చెప్పాలి, గెంతకముందు నోరు మూసుకోవాలి" అని ఆట నియమంగా పెట్టేయండి. లెక్క తప్పని చెబితే ముఖం మాడ్చుకునే పిల్లలు, ఆట నియమం అంటే మారుమాట లేకుండా ఒప్పుకుంటారు. వైకుంఠపాళి పటం అప్పుడే తీయకండి. అంకెలు మరీ పెద్దవి, పాము మింగితే ఏడుపు వేరే.

వామనగుంటలు నాలుగున్నర ఐదేళ్ళ వాళ్ళకు బాగుంటుంది. వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు, గుంటలో గింజలన్నీ తీసి ఒక్కో గుంటలో ఒక్కోటి వదులుతూ పోవడం. మొదట్లో గెలుపోటములు పక్కన పెట్టి, గుంటకు ఒకటే పడుతోందా అన్నంతవరకే చూడండి. అమ్మమ్మ ఇంట్లో చెక్క పీట ఉంటే అటక మీంచి దించండి, లేకపోతే మట్టిలో గుంటలు తవ్వుకున్నా సరే.

ఐదు దాకా బాగా వచ్చిన పిల్లతో గుప్పిట ఆట ఆడండి. ఐదు చింతగింజలు ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి. తర్వాత కొన్ని ఎడమ గుప్పిట్లో దాచి, మిగతావి కుడి అరచేతిలో చూపించండి. మూడు కనబడుతున్నాయి, ఎన్ని దాక్కున్నాయి? మొదట్లో నోటికొచ్చింది చెబుతారు. గుప్పిట తెరిచి చూపించండి, అంతే. ఐదులో మూడూ రెండూ ఉన్నాయని, నాలుగూ ఒకటీ ఉన్నాయని కొన్ని వారాల్లో పట్టేస్తారు. ఆ తర్వాత దాచే వంతు వాళ్ళకివ్వండి. మీరు కావాలని తప్పు చెప్పినప్పుడు వాళ్ళ ముఖం చూడాలి. ఒకటో తరగతిలో కూడికలు, తీసివేతలు వచ్చినప్పుడు తడబడని పిల్లల్లో చాలామందికి ఈ ఐదు, పది ఎలా విడిపోతాయో ముందే చేతికి తెలిసి ఉంటుంది.

పదికి కూడా మంచి సాధనం ఇంట్లోనే ఉంది. ముప్పై కోడిగుడ్లు పట్టే అట్ట ట్రేలో వరుసకు ఐదు గుంటలుంటాయి. రెండు వరుసలు కత్తిరిస్తే పది గుంటల పెట్టె తయారు. కడిగే వీలు లేని అట్ట కాబట్టి పగిలిన గుడ్డు అంటనిది చూసి తీసుకోండి. అందులో గుంటకొకటి చొప్పున నిమ్మకాయలో, బొత్తాలో, బాటిల్ మూతలో పెట్టించండి. ఒక వరుస నిండి, రెండోదాంట్లో రెండు ఉంటే ఏడు. కొన్నాళ్ళకు పిల్ల లెక్కపెట్టడం మానేసి ఆకారం చూసే ఏడు అంటుంది. పదికి ఇంకా మూడు ఖాళీ అని కూడా కంటికే కనబడుతుంది.

సున్న గురించి పిల్లలకు మొదట చెప్పాల్సింది ఒక్క మాటే, అయిపోయాయి. గిన్నెలో మూడు ద్రాక్షలు, ఒకటి తింటే రెండు, ఇంకొకటి తింటే ఒకటి, అదీ తింటే? మాంటిసోరి బడుల్లో పది అరల పెట్టె ఒకటి ఉంటుంది. సున్న నుంచి తొమ్మిది దాకా అరల మీద అంకెలు రాసి ఉంటాయి, పక్కన నలభై ఐదు కర్రపుల్లలు. ఏ అరలో ఎన్ని వేయాలో పిల్లలే వేసుకుంటారు. సున్న అరలో ఏమీ వేయకూడదు, అది ఖాళీగా ఉండటమే సరైన జవాబు. పైగా ఎవరూ చెప్పకుండానే తప్పు తెలిసిపోతుంది, చివరి అరకు పుల్లలు చాలకపోతే ఎక్కడో ఎక్కువ పడ్డాయన్నమాట. మరియా మాంటిసోరి 1907లో రోమ్ నగరంలో కూలివాళ్ళ పిల్లల కోసం తొలి బడి తెరిచారు, 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మనవాళ్ళకు శిక్షణ ఇచ్చారు. అలాంటి బడికి ఫీజు కట్టలేకపోయినా, పాత స్వీటు డబ్బాల అట్టలతో పది అరలు, చీపురు పుల్లల ముక్కలతో నలభై ఐదు పుల్లలు ఒక ఆదివారం మధ్యాహ్నం పని. కొసలు గుచ్చుకోకుండా కత్తిరించండి.

అంకెలు రాయించడం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మూడున్నరేళ్ళ పిల్లకు నోటుపుస్తకం ఇచ్చి, పేజీ నిండా ఐదు రాయించి, హోంవర్కు పేరుతో రాత్రి తొమ్మిదింటికి కళ్ళు మూతలు పడుతుంటే వంద దాకా గీయించే బడులు ఊరూరా ఉన్నాయి. అలా రాసిన ఐదుకూ, ఐదు వస్తువులకూ ఆ పిల్ల మనసులో ఏ సంబంధమూ ఉండదు. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం సైతం, ఒకటో తరగతికి ముందు పిల్లలు పది వరకు అంకెలు గుర్తుపట్టి చదివితే చాలంటుంది. ముందు ఐదు వస్తువులు చేతికి తెలియాలి, తర్వాత నోటికి ఐదు, ఆ తర్వాతే గీతల్లో అంకె. రాత మొదలుపెట్టేటప్పుడైనా పెన్సిల్ ముందు వద్దు. అక్షరాభ్యాసానికి పళ్ళెంలో బియ్యం పోసి వేలు పట్టించి దిద్దించాం కదా, ఆ పళ్ళెం ఆ ఒక్క రోజుకే ఎందుకు? బియ్యప్పిండిలో, ఇసుకలో వేలితో రాస్తే చెరపడం సులువు, తప్పు మిగలదు. ముగ్గు వేసేటప్పుడు పక్కన ఒక సుద్దముక్క ఇచ్చి, "నువ్వు మూడు చుక్కలు పెట్టు" అంటే లెక్కా, చేతికి తిరుగుడూ రెండూ వస్తాయి.

తెలుగులో నేర్పాలా, ఇంగ్లీషులోనా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అందులో. ఎన్ని అన్నది ఒక భాషలో తెలిస్తే రెండో భాషకు మాటలు నేర్చుకుంటే సరిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి రానక్కర్లేదు. హైదరాబాదులో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా ఇదే సంగతి. బడిలో త్రీ అన్నది ఇంట్లో మూడు అని తెలియడానికి పిల్లలకు ఎంతో కాలం పట్టదు. తెలుగులో మనుషుల లెక్క వేరుగా ఉంటుంది కాబట్టి, "మనింట్లో ఎంతమందిమి?" అంటే పిల్ల "నాలుగు" అనవచ్చు. "అవును, నలుగురం" అని మీరు సరిగ్గా అనేస్తే చాలు. నవ్వకండి, లెక్క సరిగ్గానే చెప్పింది.

నాలుగైదేళ్ళ పిల్లల దగ్గర మీకు వింతగా తోచేది ఇంకొకటి ఉంది. ఐదు నాణేలు, వాటికెదురుగా ఇంకో ఐదు నాణేలు పెట్టి, రెండు వరసలూ సమానమేనా అంటే అవునంటారు. వాళ్ళ కళ్ళెదుటే ఒక వరసను కాస్త ఎడంగా జరిపి అడిగితే, పొడుగ్గా ఉన్నదాంట్లో ఎక్కువున్నాయంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఝాన్ పియాజే 1941లో వెలువరించిన పుస్తకంలో దీన్ని వివరంగా రాశారు. ఎంత వాదించినా అప్పటికి లాభం ఉండదు. ఆరేడేళ్ళకు అదే వాళ్ళు, ఇదేం ప్రశ్న అన్నట్టు మిమ్మల్ని చూస్తారు.

జాగ్రత్తల్లో మొదటిది గింజల గురించి. మూడేళ్ళ లోపు పిల్లలకు చింతగింజలు, గవ్వలు, శనగలు, పూసలు, బొత్తాలు ఇవ్వకండి. ఆ వయసులో ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, గ్లాసులు, గరిటెలు చాలు. మూడు దాటినా గింజలతో ఆడేటప్పుడు పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి. శనగగింజ ముక్కులో దోపుకుని ఆసుపత్రికి వచ్చే పిల్లలు మన ఊళ్ళలో తక్కువేం కాదు, గొంతులో అడ్డుపడితే ప్రాణం మీదికే వస్తుంది. ద్రాక్షపళ్ళు నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టండి, ముక్కలతోనూ లెక్కపెట్టవచ్చు. ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేసి మూత బిగించడం కూడా ఆటలో భాగం చేయండి. ఇంట్లో పాకే తమ్ముడో చెల్లెలో ఉంటే మరీ జాగ్రత్త.

ఎంతసేపు చేయించాలన్న ప్రశ్నకు జవాబు సులువు, పిల్ల లేచి వెళ్ళేదాకా. ఒక్కోరోజు అది రెండు నిమిషాలే కావచ్చు. పరీక్షలా అడగకండి. మీకు జవాబు తెలిసి కూడా ఎందుకు అడుగుతున్నారో నాలుగేళ్ళ పిల్లకు బాగా తెలుసు, అందుకే మొండికేస్తుంది. మీకు నిజంగా మూడు టమాటాలు కావలసినప్పుడు అడిగితే పరుగెత్తుకెళ్ళి తెస్తుంది. ఫోన్‌లో అంకెల పాటలు అప్పుడప్పుడు పెట్టుకుంటే పెట్టుకోండి, వరుస నోటికి వస్తుంది. అయితే తెర మీద ఆపిల్ పండు తనంతట తనే ఎగిరి బుట్టలో పడుతుంటే పిల్ల చేసేదేమీ ఉండదు.

ఐదేళ్ళు నిండాక కూడా మూడు వస్తువులు ఇవ్వలేకపోతున్నా, చెప్పిన మాట సరిగ్గా అందనట్టు ఉన్నా, ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. చెవులు, కళ్ళు ముందు చూడమనండి. వినికిడి లోపాన్ని మొండితనం అనుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. భయపడాల్సిందేమీ లేకపోవచ్చు, ఆలస్యం చేయడం మాత్రం మంచిది కాదు.

వచ్చే ఏడాది పిల్లను నర్సరీలో వేసే ఆలోచనలో ఉన్నవాళ్ళకు ఒక మాట. బడి చూడటానికి వెళ్ళినప్పుడు కంప్యూటర్ గదీ, గోడల మీద రంగులూ చూపిస్తారు. అవి చూసి ఊరుకోకుండా, చిన్నపిల్లలు కూర్చునే గదిలోకి ఒకసారి వెళ్ళండి. వాళ్ళ చేతికి అందే ఎత్తులో లెక్కపెట్టుకోవడానికి పుల్లలో, మూతలో, దిమ్మెలో ఏమైనా ఉన్నాయా, వాటి మీద దుమ్ము ఉందా, చేతి మరకలు ఉన్నాయా చూడండి. నోటుపుస్తకాల దొంతరలు తప్ప ఇంకేమీ కనబడకపోతే మరో బడి వెతుక్కోండి. మీ వీధి అంగన్‌వాడీలో ఒక బుట్టెడు గింజలూ, వాటిని పిల్లల ముందు పోసే ఓపికున్న టీచరమ్మా ఉంటే, అదే మంచి బడి.